విరామం ముగింపు: ఐచ్ఛికం

మా బావ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మా అక్క "పాత ఫైళ్ళు తెరుస్తారు" అని ఊరుకునేది. నేను మాత్రం "ప్రశ్నలు వేస్తాడు, దానికి జీతమిస్తారు" అనేదాన్ని. రెండూ నిజమే. ఎప్పుడో ఎవరో రాసిన ప్రోగ్రాములు దాచిపెట్టిపోయిన ఫైళ్ళను ఇప్పటి కంప్యూటర్లు చదవలేవు. వాటిని చదివి కొత్త రూపంలోకి మార్చే ప్రోగ్రాములు రాయడం బావ పని. ఏ గడిలో ఏముంటుంది, తేదీ ఎలా రాస్తారు, అంకెకి ఎన్ని స్థానాలు, ఇవన్నీ చెప్పే పత్రం ప్రతి రకం ఫైలుకీ ఒకటి ఉంటుంది. దాన్ని స్పెసిఫికేషన్ అంటారు. టైర్ల దుకాణం మీది రెండు గదుల ఆఫీసులో, కిటికీ పక్క కుర్చీలో, పందొమ్మిదేళ్ళు కూర్చుని మా బావ ఆ పత్రాలే చదివాడు.

చదవడమంటే మామూలుగా కాదు. ఒక్కో వాక్యాన్నీ పట్టుకుని దాని ప్రాణం తీసేవాడు. ఆ అలవాటు ఆఫీసులోనే వదిలేసి వస్తే బాగుండేది, ఇంటికీ తెచ్చేవాడు. మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మా నాన్న "మీ ఇల్లే అనుకో బాబూ, మొహమాటపడకు" అన్నాడు. "అంటే, ఫ్యాను నేనే వేసుకోవచ్చాండీ?" అని అడిగాడు. మేం పడీపడీ నవ్వాం. లిఫ్టులో 'ఆరుగురికి మించరాదు' అని రాసి ఉంటే, చంకలో పిల్ల ఉన్న ఆవిడని ఒకరుగా లెక్కపెట్టాలా ఇద్దరుగానా అని వాచ్‌మన్‌ని నిలదీసేవాడు. కొన్నాళ్ళకి ఆ వాచ్‌మన్ బావ గేటు దాటగానే మెట్లవైపు చెయ్యి చూపించడం మొదలుపెట్టాడు.

నేను బట్టలు కుడతాను. ఒకరోజు బావతో వాదన పెట్టుకున్నాను.

"నడుం దగ్గర కొంచెం లూజు పెట్టమని చెప్పి వెళ్ళిపోతారు. కొంచెమంటే ఎంతని నేనెప్పుడైనా అడిగానా బావా? మనిషిని చూసి అర్థం చేసుకుని కుట్టేస్తాను."

"అర్థం చేసుకోలేదు మరదలా, ఊహించావు."

"కుదిరిందిగా?"

"కుదరకపోతే?"

"విప్పి మళ్ళీ కుడతాను. ఇందులో పుట్టి మునిగేదేముంది?"

"నీకు విప్పడానికి దారం ఉంది" అన్నాడు బావ, నవ్వకుండా.

ఆ భయం అతనికి ఉద్యోగంలో చేరిన రెండో ఏడే పట్టుకుంది. ఏదో పాత ఎక్స్‌రే మిషను బొమ్మల్ని కొత్త కంప్యూటర్లలోకి మార్చే పని ఇచ్చారు. బొమ్మలోని చుక్కలు వరసగా ఉంటాయని స్పెసిఫికేషన్‌లో రాశారు గానీ, ఎడమవైపు నుంచా కుడివైపు నుంచా అన్నది రాయలేదు. అందరూ ఎడమ నుంచే రాస్తారు కదా అని బావ ఎడమ నుంచి చదివించాడు. ఆ మిషను చేసినవాడు కుడి నుంచి రాశాడు. నాలుగు వందల మంది ఛాతీ బొమ్మలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. ఎక్స్‌రే గదిలో ఒక పెద్దాయన చూసి, "ఏమయ్యా, మీరు పంపినవాళ్ళందరికీ గుండె కుడిపక్కనుందేంటి?" అని ఫోను చేశాడు కాబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. బావ మాత్రం వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదట.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పత్రంలో లేనిది ఊహించకూడదు. సందేహం వస్తే రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాతలో వచ్చాకే ప్రోగ్రాములో పెట్టాలి. ఎవరేం జవాబిచ్చారో తేదీతో సహా ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆఫీసులో 'సందేహం సార్' అని పేరు పెట్టారు. కుర్రకారంతా వెనక నవ్వుకునేవాళ్ళు. కానీ అతను చేతులు పెట్టిన ఫైలు మళ్ళీ వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. అది మేనేజరుకి తెలుసు. అందుకే ఎంత విసుక్కున్నా వదులుకోలేదు.

మా అక్క ఒక్కతే బావ ప్రశ్నలకి విసుక్కోని మనిషి. బస్సు స్టేషన్లో టికెట్ల కౌంటర్ దగ్గర పనిచేసేది. రోజుకి ఎనిమిది గంటలు జనం వేసే తలాతోకా లేని ప్రశ్నలకి జవాబులు చెప్పి చెప్పి ఆమె నోరు గట్టిపడిపోయింది. "తగినంత ఉప్పు వెయ్యమంటావు, తగినంతంటే ఎంత?" అని వంటింట్లోంచి బావ అరిస్తే, "మీరు వేసి నా మొహం చూడండి, నేను ముఖం చిట్లిస్తే ఎక్కువైనట్టు" అనేది. ఇద్దరికీ పిల్లల్లేరు. అయినా ఆ ఇంట్లో ఎప్పుడూ సందడిగా ఉండేది. నాకు మా ఇంటికన్నా అక్కడే బాగుండేది, నిజం చెప్పాలంటే.

అక్కకి నలభై ఒకటో ఏట రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు డయాలసిస్ మిషను దగ్గర. నాది ఇస్తానని పరీక్షకి వెళ్ళాను. నాకు పుట్టుకతోనే ఒక్క కిడ్నీ ఉందని ఆ పరీక్షలో తెలిసింది. ఇంటికొచ్చి ఏడ్చాను, కోపంతో ఏడ్చాను. బావది రక్తం గ్రూపు కలవలేదు. ఇక మిగిలింది ఆసుపత్రి జాబితా. చనిపోయినవాళ్ళ కిడ్నీ ఎప్పుడైనా వస్తే, ఆ గ్రూపు వాళ్ళలో ముందున్నవాళ్ళని పిలుస్తారు. పిలిచిన నాలుగు గంటల్లో అక్కడుండాలి.

మూడున్నరేళ్ళు ఎదురుచూశాం. అక్క తన గ్రూపులో పదకొండో నంబరు నుంచి మెల్లగా పైకి వచ్చింది. మిషను గదిలో ఆమె పక్క మంచం మీద ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు. అదే గ్రూపు, అక్క తర్వాతి నంబరు. "మీ వెనకే నేనమ్మా, మీరు తొందరగా దిగితే నేనూ దిగుతాను" అని రోజూ వేళాకోళమాడేవాడు. "టికెట్టు నా దగ్గర కొన్నారు, మర్చిపోకండి" అనేది అక్క. నవ్వుకుంటూ నాలుగు గంటలు గడిపేసేవాళ్ళు.

మధ్యలో ఒకసారి అక్కకి ఛాతీలో నెమ్ము చేరింది. జ్వరంలో ఉన్న మనిషికి ఆపరేషన్ చేయకూడదు కాబట్టి ఆరు వారాలు ఆమెని జాబితాలో పక్కన పెట్టారు. దాన్ని 'విరామం' అంటారు. తగ్గాక వార్డు సిస్టర్ అక్క కార్డు మీద నీలం ముద్ర వేసి, "ఇంక మీరు మళ్ళీ లైన్లో ఉన్నట్టే" అని చెప్పింది. ఆ ముద్ర నేను కళ్ళారా చూశాను. అప్పటికి అక్క తన గ్రూపులో మొదటి నంబరు. ఇక ఫోను ఎప్పుడు మోగుతుందా అని కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాం.

అప్పుడొచ్చింది ఆ ఫైళ్ళ పని.

అయిదు ఆసుపత్రుల జాబితాల్ని కలిపి ఒకే జాబితా చేయాలని ఒక కమిటీ వేశారు. ఏ ఆసుపత్రి పాత ఫైలునైనా ఒకే పద్ధతిలో చదవడానికి ఆ కమిటీ నలభై పేజీల స్పెసిఫికేషన్ రాసింది. చదివే ప్రోగ్రాము రాసే పని బావ ఆఫీసుకి వచ్చింది. బావ నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"మా ఆవిడ ఆ జాబితాలో ఉందండీ. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇంకెవరున్నారు చెప్పండి? ఆ పాత ఫైళ్ళ మొహం మీకు తప్ప ఇక్కడెవరికి తెలుసు? అయినా అందులో పేర్లుండవు, నంబర్లేగా."

అక్క కార్డు నంబరు బావకి కంఠతా వచ్చు. ఆ సంగతి మేనేజరు అడగలేదు.

ఇరవై మూడో పేజీలో రెండు గడుల గురించి రాసి ఉంది. 'విరామం మొదలు: విరామం ఉన్నచో తప్పనిసరి.' దాని కింద 'విరామం ముగింపు: ఐచ్ఛికం.' అంతే. అక్క పేరున్న ఆసుపత్రి ఫైలు తెరిస్తే, మొదలు తేదీ ఉండి ముగింపు గడి ఖాళీగా ఉన్న వరసలు ముప్పై ఒకటి కనపడ్డాయి. ఖాళీ అంటే ఇంకా విరామంలోనే ఉన్నారని అర్థమా? లేక తిరిగొచ్చేశారు, రాయడం మాత్రం మానేశారనా? ఇంకా విరామంలో ఉన్నారని చదివితే ఆ ముప్పై ఒక్కరినీ ఎవరూ పిలవరు. ఆ ముప్పై ఒకటిలో పంతొమ్మిదో వరస మా అక్కది.

బావ కమిటీకి ఉత్తరం రాశాడు. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: 'సదరు గడి ఐచ్ఛికం. 23వ పేజీ చూడగలరు.' ఆ పేజీ చూసే అడుగుతున్నానని, ఖాళీగా ఉంటే ఎలా చదవాలో ఒక్క వాక్యం చెప్పమని మళ్ళీ రాశాడు. 'పత్రాన్ని అనుసరించగలరు' అని రెండో జవాబు. మూడో ఉత్తరానికి ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారానికల్లా ప్రోగ్రాము ఇవ్వాలి, సోమవారం నుంచి కొత్త జాబితా అమల్లోకి వస్తుంది.

మంగళవారం సాయంత్రం నేను వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద ఆ జవాబులు పరిచిపెట్టుకుని కూర్చున్నాడు. విషయం విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి బావా ఇంకా ఆలోచన? అక్క లైన్లో ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ సిస్టర్‌కి తెలుసు. తిరిగొచ్చినట్టు చదివించెయ్!"

"నాకు తెలిసింది ఒక్క వరస గురించి. మిగతా ముప్పై మంది ఎవరో నాకు తెలీదు. వాళ్ళలో నిజంగా జ్వరంతో ఉన్నవాడు ఒక్కడున్నా, పిలిచి కోస్తే బల్ల మీదే పోతాడు."

"కోసేముందు డాక్టర్లు చూసుకోరా? వాళ్ళకి కళ్ళు లేవా?"

"చూస్తారని పత్రంలో లేదు."

"నీ పత్రం తగలెయ్య! పోనీ, అక్క ఒక్కదాని వరస మార్చు."

బావ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. దొంగతనం చేయమన్నట్టు చూశాడు.

"ఒక్క వరస చేత్తో మారిస్తే, దాని వెనకున్నవాడికి ఏం సమాధానం చెప్పాలి?"

"ఏదీ మార్చకపోతే అక్కకి ఏం సమాధానం చెప్తావు?"

లోపలి గదిలో పడుకుందనుకున్న అక్క గుమ్మంలోకి వచ్చింది. ఎప్పటినుంచి వింటోందో తెలీదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ముందురోజు మిషను దగ్గర గడిపిన నీరసం తగ్గక ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"అందరూ నా గురించే మాట్లాడుతున్నారు, నన్నడగరేం?" అంది.

"చెప్పు" అన్నాడు బావ.

"నాకు బతకాలనుందండీ."

బావ కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సమంగా సర్దాడు. నేను ఆ కాగితాలు లాక్కుని చింపేసి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి వార్డు సిస్టర్‌ని పట్టుకున్నాను. యాభై దాటిన మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. ముగింపు గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగాను.

"ఆ గడి నింపితే స్క్రీన్ ఊరుకోదమ్మా. పరీక్షలన్నీ మళ్ళీ చేయించమంటుంది, పెద్ద డాక్టరు సంతకం కావాలంటుంది. అవన్నీ అయ్యేదాకా మూడు వారాలు మనిషి లైను బయటే. అంతలో కిడ్నీ వస్తే? ఎందుకొచ్చిన గొడవ? అందుకే మేం నింపం. కార్డు మీద ముద్ర వేసి, చేత్తో రాసుకునే జాబితాలో ఎక్కించేస్తాం. పన్నెండేళ్ళనుంచీ ఇంతే. ఎవరికీ అన్యాయం జరగలేదు."

"ఇప్పుడు చేత్తో రాసే జాబితా ఉండదు సిస్టర్. ఫైలే జాబితా."

ఆమె చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగిపోయింది.

"ఆ ముక్కే ఒక కాగితం మీద రాసిచ్చారంటే మా బావ చూసుకుంటాడు. ఈ ఆసుపత్రిలో ఖాళీ అంటే తిరిగొచ్చినట్టు, అంతే."

"పన్నెండేళ్ళు స్క్రీన్‌కి గంతలు కట్టామని నా చేత్తో నేనే రాసివ్వనా? రాసిస్తే రేపు నా ఉద్యోగం ఉంటుందా అమ్మా?" అంది. చేతులు తుడుచుకుంటూ ఆమే మళ్ళీ, "మీ అక్కకి మాత్రం పద్ధతి ప్రకారం మొదలుపెట్టిస్తాను. పరీక్షలు రేపే చేయిస్తా. పెద్ద డాక్టరు ఊళ్ళో లేరు, రాగానే సంతకం పెట్టిస్తా" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. రోగులకి మేలు చేద్దామనే ఆ గడి వదిలేశారు వాళ్ళు.

అదంతా బావకి చెప్పాను. చెప్పింది విని తెల్లబోయాడు. గురువారం ఆఫీసుకి వెళ్ళి, ఆ ఒక్క ఆసుపత్రి ఫైలుకి ఖాళీ గడిని తిరిగొచ్చినట్టుగా చదివిద్దామని మేనేజరుని అడిగాడట. తర్వాత ఆ సంభాషణ మొత్తం నాకు బావే పొల్లుపోకుండా చెప్పాడు.

"రాత కాగితం ఉందా?"

"లేదండీ. నోటిమాట."

"మీ ఆవిడ వరస అందులో ఉందా?"

"ఉంది."

"మరి నన్నేం చేయమంటారు? రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే మీ పీకల మీదికీ వస్తుంది, నా పీకల మీదికీ వస్తుంది. మీ ఇష్టమండీ, నేనేం అనను, మీరే తేల్చుకోండి. శుక్రవారం మాత్రం దాటకూడదు."

మీ ఇష్టం అన్నాడు. వద్దనలేదు. ఈ ఒక్క మాట నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. బావ చేతికి అందినదాన్ని ఎవరూ లాక్కోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బావ ప్రోగ్రాము ఇచ్చేశాడు. ముగింపు ఖాళీగా ఉంటే ఇంకా విరామంలో ఉన్నట్టే. రాత లేనిది పెట్టకూడదన్న తన పద్ధతి ప్రకారం, ఎవరి ప్రాణానికీ అపాయం లేని వైపు చదివించానన్నాడు. దానితోపాటు ముప్పై ఒక్క నంబర్లూ రాసి, వీళ్ళందరి సంగతి ఆసుపత్రి వాళ్ళని అడిగి వెంటనే తేల్చండి అని ఎర్ర అక్షరాలతో కమిటీకి పంపాడు. 'అందినది' అని జవాబొచ్చింది. ఎవరూ తెరిచి చూడలేదు.

కొత్త జాబితా అమల్లోకి వచ్చాక రెండో బుధవారం అక్కని మిషను దగ్గరికి తీసుకెళ్తే పక్క మంచం ఖాళీగా ఉంది. కండక్టరు గారికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. సిస్టర్ మా వైపు రాకుండా తప్పించుకు తిరుగుతోంది. నేనే వెళ్ళి అడిగాను.

"తెల్లారి ఆయనకి ఫోనొచ్చిందమ్మా. లోపలికి తీసుకెళ్ళారు."

అక్క కంటే వెనక నంబరు. అదే గ్రూపు. పెద్ద డాక్టరు ఇంకా ఊరినుంచి రాలేదు, సంతకం కాలేదు. ఎలా చెప్పాలో తెలీక అక్క దగ్గరికి వెళ్ళి నిలబడితే, ఆమె ఆ ఖాళీ మంచం వైపు చూస్తూనే, "ఆయనకి వచ్చిందా?" అంది. తలూపాను. "మంచిదే" అని గోడవైపు తిరిగింది. నాలుగు గంటలూ అలాగే పడుకుంది.

ఆ కండక్టరు మంచివాడు. అతను బాగుండాలి. ఇది నేను పంటి బిగువున రాస్తున్నాను, అయినా రాస్తున్నాను.

ఎనిమిది రోజులు అక్క బావతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, మందు ఇవ్వండి, లైటు తీసెయ్యండి, ఇంతే. ఎప్పుడైనా బావ ఏదో అడిగితే, "నన్నడగకండి, నాకు తెలీదు" అనేది. అలా అనే మనిషి కాదు. మూడో వారంలో మిషను గొట్టం పెట్టినచోట చీము పట్టింది, అది రక్తంలోకి పాకింది. అప్పుడు ఆమె నిజంగానే విరామంలోకి వెళ్ళాల్సిన మనిషయింది. పెద్ద డాక్టరు వచ్చాడు, సంతకం పెట్టే ప్రసక్తే లేదన్నాడు. పదకొండు రోజులు ఐసీయూలో ఉంచారు. పన్నెండో రోజు పొద్దున ఆరూ నలభైకి పోయింది. బావని క్షమించిందో లేదో నాకు తెలీదు. అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది, అతనూ అడిగి ఉండడు.

ఆ రోజు గేటు దగ్గర కండక్టరు నిలబడ్డాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, సన్నబడి, కొత్త రంగుతో ఉన్నాడు. లోపలికి రాలేదు. నేను రమ్మనలేదు.

రెండు వారాల తర్వాత కమిటీ సవరించిన పత్రం పంపింది. బావ సెలవులో ఉన్నాడు, అయినా ఇంట్లో కూర్చుని చదివాడు. ఇరవై మూడో పేజీ నాకు చూపించాడు. 'విరామం ముగింపు ఖాళీగా ఉన్నచో, దాని అర్థాన్ని అమలు చేసేవారు తమ విచక్షణ మేరకు నిర్ణయించుకోవచ్చును.' రెండు మూడుసార్లు చదివితే గానీ నాకు ఎక్కలేదు. అంటే మొదటినుంచీ ఎలా చదివించినా తప్పు లేదన్నమాట. అక్కని లైన్లో పెట్టినా తప్పు లేదు, తీసేసినా తప్పు లేదు.

అదే రోజు మేనేజరు పరామర్శకని ఫోను చేసి, మాటల్లో మాటగా చెప్పాడు. ఆసుపత్రుల వాళ్ళు రోగుల్ని పిలవడం లేదని గోల పెడుతుంటే, ఖాళీ గడిని తిరిగొచ్చినట్టు చదివేలా తనే మార్చేశాడట.

"పది నిమిషాల పనండీ. ఇంత చిన్నదానికి మీరు అన్ని ఉత్తరాలు ఎందుకు రాశారో."

"మార్చమని రాతలో ఎవరిచ్చారు?" అన్నాడు బావ.

"ఎవరిస్తారు? విచక్షణ అన్నారుగా!"

బావ ఫోను పెట్టేసి, ఆ ముప్పై ఒకటిలో ఇద్దరు నిజంగానే జ్వరంతో ఉన్నారని తర్వాత తెలిసిందని నాతో అన్నాడు. "ఆ ఇద్దరి కోసమా బావా?" అన్నాను. సరే, ఆ ఇద్దరూ ఏ తల్లి కన్న బిడ్డలో. నాకు మాత్రం అక్క ఒక్కతే.

ఇంకో పది రోజులకి, ఆదివారం పదకొండింటప్పుడు, అక్క చీరలు వేరు చేయడానికి వెళ్ళాను. బావ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఫోను మోగింది. కళ్ళజోడు దొరక్క స్పీకరులో పెట్టాడు. ఎవరో అమ్మాయి, హుషారైన గొంతు, అక్క కార్డు నంబరు చదివింది.

"సార్, మీ పేషెంటుకి కిడ్నీ దొరికింది. నాలుగు గంటల్లో అడ్మిట్ అవ్వాలి. జ్వరం, దగ్గు లాంటివేమైనా ఉన్నాయా?"

బావ ఫోను దగ్గరికి వంగాడు.

"మీ స్క్రీన్ మీద ఏముందమ్మా?"

"లైన్లో ఉన్నారనుంది సార్. ఫస్ట్ నంబరు."

"ఆవిడ చనిపోయి ఇరవై నాలుగు రోజులైంది."

"అయ్యో... సారీ సార్. మా దగ్గర అలా లేదు సార్, చనిపోయిన తేదీ గడి ఖాళీగా ఉంది."

"ఉంటుంది. ముప్పై నాలుగో పేజీ. అదీ ఐచ్ఛికమే. అప్పుడు చూశాను గానీ, దాని గురించి నేను ఉత్తరం రాయలేదు" అన్నాడు బావ. గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు వెంటనే తర్వాతి నంబరుకి చెయ్యమ్మా. వాళ్ళకి టైము పోతోంది."

ఫోను ఆగిపోయింది. బావ దాన్ని బోర్లా పెట్టాడు. "ఫస్ట్ నంబరంట" అన్నాడు, నాతోనో తనతోనో.

ఇన్నాళ్ళూ పళ్ళ మధ్య నొక్కిపెట్టుకున్నదంతా నాకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అరిచాను. పక్కింటివాళ్ళు వింటారని కూడా చూసుకోలేదు.

"నువ్వు ఆ శుక్రవారమే మీ మేనేజరులా పది నిమిషాల్లో రాసిపారేసి ఉంటే, ఈ ఫోను ఆ బుధవారమే వచ్చేది కదా బావా!"

"వచ్చేది" అన్నాడు బావ.